బాబాయి నోట్లో క్లచ్

మా బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడ ఏ కారు క్లచ్ కీచుమన్నా అక్కడే ఆగిపోయి, ముందు ఆ చప్పుడు నోటితో చేసి చూపించి, తర్వాత రోగం చెబుతాడు. ఎవరడిగారని మాత్రం అడక్కండి.

"నొక్కితే అరుస్తోందా, వదిలితే అరుస్తోందా?" ఇదీ ఆయన మొదటి ప్రశ్న. నొక్కితే ఒక బేరింగు, వదిలితే ఇంకో బేరింగు. ఈ లెక్కనే తలుపుల్నీ, మిక్సీనీ, చివరికి పక్కింటి పసివాణ్నీ పరీక్షించాడు. ఆ పసివాడి తల్లి ఇప్పటికీ మాతో మాట్లాడదు. వీధిలో డ్రైవర్లయితే ఇంజను ఆపి, కారు తోసుకుంటూ మా గుమ్మం దాటేవారు.

పిన్నికి ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని చూసే నర్సు ఉద్యోగం వచ్చింది. లైసెన్సు లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. డ్రైవింగ్ పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. పరీక్షకిచ్చేది లైసెన్సు ఆఫీసు వాళ్ల ముసలి కారే. దాని క్లచ్ కీచుమనగానే ఏదో విరగ్గొట్టేశానని పిన్ని హడలిపోయి స్టీరింగు వదిలేస్తుంది. బేరింగు మార్చండని బాబాయి మొత్తుకుంటే, "దానికి వేరే విభాగం ఉంది" అని ఆయన్ని గేటు బయటికి పంపారు.

మూడోసారి బాబాయీ నేనూ ఆ గేటు బయటే నిలబడ్డాం. కారు కదిలింది, కీచుమంది. పిన్ని చేతులు పైకి లేచాయి. నేను బాబాయి వైపు చూశాను. నోరు మూసుకునే ఉన్నాడు. మరుక్షణం అచ్చం అదే శ్రుతిలో "కీ...చ్" అన్నాడు. కాపలావాడు ఉలిక్కిపడ్డాడు.

పిన్ని పక్కన కూర్చున్న పరీక్షాధికారి కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎవరండీ ఆయన?"

"మా ఆయనేనండీ. ఇంట్లోనూ ఇంతే, మీరేం పట్టించుకోకండి" అని పిన్ని విసుగ్గా స్టీరింగు పట్టుకుంది.

ఇక ఆమె క్లచ్ నొక్కినప్పుడల్లా ఈయన కూత. జనం నవ్వుతున్నారు. పిన్ని పళ్లు నూరుతూనే చుట్టూ తిప్పుకొచ్చి పాసైపోయింది.

"ఇక్కడ కూడా నా పరువు తీయాలా? కారే పాడైందనుకున్నాను" అంది బయటికొచ్చి.

"పొరపాటైపోయింది" అన్నాడు బాబాయి బొంగురు గొంతుతో.

నేను ఆయన చెవిలో అడిగాను. "మొదట అరిచింది కారే కదా, బాబాయ్?"

"ఊరుకోరా. మీ పిన్ని వింటుంది."

వారం రోజులు ఆయనకి గొంతు పెగల్లేదు. డ్రైవర్లు ఇంజన్లు ఆపకుండానే దర్జాగా మా గుమ్మం దాటారు. కొత్త ఉద్యోగానికి బయల్దేరుతూ పిన్ని కారు కిటికీలోంచి ఆయనకి మందుబిళ్లలు అందించి, నవ్వాపుకుంటూ అడిగింది.

"మింగితే నొప్పా, మాట్లాడితే నొప్పా?"