మేనకోడలు అడిగిన కాలు

ఆ ద్వీపం చుట్టూ తిరిగే పడవల్లో సగానికి పైగా విలికేసా చేతుల్లో తయారైనవే. అరవై దాటినా ఆయన ఉలి పట్టాడంటే చెక్క మాట వినేది. పడవల పాకలో ఎప్పుడూ వట్టి కాళ్లతోనే తిరిగేవాడు. అలాంటి మనిషి ఒకరోజు ఎడమకాలికి మేజోడు తొడుక్కుని వచ్చాడు. ఆ ఊళ్లో మేజోళ్లు వేసుకునేది రగ్బీ ఆడే కుర్రాళ్లు, ఆదివారం పూట పాస్టరుగారు.

“ఏంటి విలీ, ఈ వయసులో నిన్ను జట్టులోకి తీసుకున్నారా?” అని తోటివాళ్లు ఏడిపించారు. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

మేజోడు కింద, చిటికెన వేలి పక్కన పుండు పడింది. నొప్పి మాత్రం లేదు. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమని ఆరోగ్య కేంద్రం నర్సు అసెనాకా ఎన్నిసార్లు చెప్పిందో! ఆమె స్వయానా ఆయన చెల్లెలి కూతురే. అయినా ఆమెకు కూడా చూపించలేదు. ఆయన భయమంతా అన్న తానియేలాకు జరిగింది తలుచుకునే. ఇలాంటి పుండుతోనే అన్న ఓడెక్కి రాజధాని సువాలోని ఆసుపత్రికి వెళ్లి, మోకాలి పైదాకా కాలు తీయించుకుని వచ్చాడు. వచ్చాక సముద్రం వైపు చూడటమే మానేశాడు. ఏడాది తిరగకుండా పోయాడు.

మేజోడు సంగతి అసెనాకా చెవిన పడింది. తిన్నగా పాకకు వచ్చింది.

“మావయ్యా, ఒకటి అడుగుతాను, ఇస్తావా?”

“పోయినసారి నా పందిపిల్లని పట్టుకుపోయావు. ఈసారి ఏంటే?” అన్నాడు. మేనకోడలు అడిగింది మేనమామ కాదనకూడదు. అది అక్కడి తాతల నాటి కట్టుబాటు.

“నీ ఎడమకాలు.”

ఆయన చేతిలో ఉలి ఆగిపోయింది. “అదేం అడగడమే, పిచ్చిదానా!”

“నా హక్కు నేను అడిగాను. లేదంటే లేదను. మేనకోడలికి లేదన్నావని ఊరంతా చెప్పుకుంటా.”

విలికేసా ఉలి పక్కన పెట్టాడు. తర్వాత మేజోడు విప్పాడు.

ఆరోగ్య కేంద్రం కప్పు మీద యాంటెనా పెట్టినప్పటి నుంచి సువాలోని పెద్ద డాక్టర్లు తెర మీదకు వస్తున్నారు. విలికేసా చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని వచ్చాడు.

“డాక్టరమ్మ చూసేది నీ కాలిని మావయ్యా, చొక్కాని కాదు” అంది అసెనాకా.

తెర మీద డాక్టర్ ఫరీదా కనిపించింది. పాదాల వైద్యంలో చేయి తిరిగిన సర్జను. “కళ్లు మూసుకోండి పెద్దాయనా. అమ్మాయి సన్నటి దారంతో ముట్టుకున్నప్పుడల్లా చెప్పండి.”

“ఆ, తగిలింది” అన్నాడు విలికేసా ధీమాగా.

“ఇంకా ముట్టుకోమని నేను చెప్పనేలేదే!”

తలుపు దగ్గర గుమిగూడినవాళ్లు గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వబోయాడు. కానీ తర్వాత ఆమె నిజంగా ముట్టుకున్న చోట్లలో ఒక్కటీ ఆయనకు తెలియలేదు. పుండు కడుగుతుంటే రాగి మేకు ముక్క ఒకటి బయటపడింది. ఎప్పుడు దిగిందో ఎరగడు. అప్పుడు నవ్వు పోయింది. అసెనాకా తలుపు మూసేసింది.

“వాసన నాకు అందదు కదా. నువ్వే చూసి చెప్పమ్మా” అంది డాక్టరు.

అసెనాకా వంగి, మావయ్య పాదం దగ్గర ముక్కు పెట్టింది. ఆయన సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు.

“కుళ్లు వాసన కొద్దిగా ఉందండి.”

“పుండులోకి సన్నటి కడ్డీ పెట్టి చూడు, గట్టిగా ఏమన్నా తగులుతోందా?”

“ఎముక తగులుతోంది.”

డాక్టరు తెరకు దగ్గరగా జరిగింది.

“పెద్దాయనా, చెడు ఎముకదాకా పోయింది. ఆ వేలు ఉంచకూడదు. మిగతా పాదం నిలబడుతుందనే నా నమ్మకం.”

“మా అన్నకీ వేలు ఒక్కటే అన్నారు.”

“ఆయన వచ్చేసరికి చెడు పైకి పాకి ఉంటుంది. మీరు ముందే కనబడ్డారు.”

“ఎక్కడిదాకా కోస్తారో గీత గియ్యండి.”

డాక్టరు చెప్పినచోట అసెనాకా పెన్నుతో గీసింది. చెక్క మీద గీతలు గీసి బతికిన మనిషి దాన్ని వేలితో తడిమి చూశాడు. “లోపల ఇంకా చెడిపోయి ఉంటే?”

“అక్కడే ఆపేస్తాను. మీరు లేచాక మిమ్మల్నే అడుగుతాను.”

ఆ మాట మీదే తర్వాతి ఓడ ఎక్కాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మను చూసి, “తెర మీద ఎంతో ఎత్తు కనబడ్డారు, ఇంతేనా!” అని ఆమెనూ నవ్వించాడు. మెలకువ రాగానే దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. వేలు పోయింది. గీత ఇవతలున్నదంతా అలాగే ఉంది. ఎవరూ చూడకుండా దుప్పటి మొహం మీదకు లాక్కుని ఏడ్చాడు.

మునుపైతే పుండు మానేదాకా సువాలో ఏ చుట్టాలింట్లోనో పడి ఉండాల్సింది. ఇప్పుడు ఊళ్లోనే అసెనాకా కట్టు మారుస్తుంటే డాక్టరమ్మ సువా నుంచే తెర మీద చూసేది. ఒకసారి పుండు అంచులు తెల్లబడటం ఆమె కంటపడింది. “కాలు తడిపారు కదూ?” అని నిలదీసింది. ఆయన తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. మానడానికి నెలలు పట్టింది. పడవ అంచు మీద నిలబడి పనిచేసే పట్టు మళ్లీ రాలేదు. పీట వేసుకుని కూర్చుని, చెక్కను విసుక్కుంటూ, సాయానికొచ్చినవాళ్లను విసుక్కుంటూ ఆ ఏటి పడవ పూర్తిచేశాడు.

దాన్ని నీళ్లలోకి దింపే రోజు మగవాళ్లంతా నడుముల్లోతు సముద్రంలో నిలబడ్డారు. కాలు తడపొద్దన్నారని విలికేసా మాత్రం బూట్లు వేసుకుని ఒడ్డున కూర్చున్నాడు.

“ఎడమకి, ఎడమకి! అది మీ అత్తగారి మంచం కాదురా, మెల్లగా తొయ్యండి!”

అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. పడవ మాత్రం చక్కగా తేలింది.