లైన్‌మన్ గారి ఎనిమిదో ప్యానెల్

మా లైన్‌మన్ గారు పోయారన్న కబురు ఆయన కరెంటుతో నడిచే ఫోనులోనే నాకు వచ్చింది. రోహిణి కార్తె ఎండకు పొలంలో పని లేక, కళ్ళం షెడ్డులో కూర్చుని ఎలుకలు కొరికిన డ్రిప్పు పైపులు వేరు చేస్తున్నాను. ఫోను చార్జింగులో ఉంది. ఆ చార్జింగు షెడ్డు పైన ఉన్న ఒకే ఒక్క సోలార్ ప్యానెల్ నుంచి వస్తుంది. ఫోను చేసింది ఆయన భార్య. ఆవిణ్ణి నేను ఆంటీ అని పిలుస్తాను. "ఇందాకే పోయాడమ్మా. టిఫిను తిని వరండాలో కూర్చున్నాడు. కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయాడు" అంది. వైరు ఊడదీయకుండానే ఫోను చెవికి పెట్టుకున్నాను, అందుకని గోడ పక్కనుంచి కదలలేకపోయాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. షెడ్డు కప్పు వైపు మాత్రం చూడలేదు.

ఆ ప్యానెల్ ఆయనది. ఆయన మంచితనం గురించి సమాధుల తోటలో పాస్టరు గారు చెప్పారు, నేను చెప్పగలిగినదానికన్నా బాగా చెప్పారు. నేను చేసిన పని గురించి అక్కడ ఎవరూ మాట్లాడలేదు, ఎవరికీ తెలియదు కనుక. అది నేనే చెప్పుకోవాలి.

మాది మార్టూరుకి అరగంట దూరంలో ఉన్న నల్లరేగడి పల్లె. ఆయన ఉద్యోగమంతా మా చుట్టుపక్కల ఊళ్ళలోనే గడిచింది. ఎవరింటికి వచ్చినా ముందు వాళ్ళ వీధిలో స్తంభాన్ని చూసేవారు, తర్వాతే మనిషిని పలకరించేవారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని బైబిలు పట్టుకుని చర్చికి వెళ్ళేటప్పుడు కూడా జేబులో టెస్టరు ఉండేది. దేన్నైనా ముందు చేతి వెనక వైపుతో తాకి చూడటం ఆయన అలవాటు. తీగ అయినా, టీ గ్లాసు అయినా, జ్వరమొచ్చిన పిల్లల నుదురైనా అంతే. అరచేత్తో ముట్టుకుంటే షాకు కొట్టినప్పుడు చెయ్యి తీగని పట్టేసుకుంటుందట, వెనక వైపైతే విదిలించుకుంటుందట. "కరెంటుకి మొహమాటం లేదు అమ్మాయిగారూ, ఎవరు ముట్టుకున్నా ఒకటే దెబ్బ. మొహమాటమంతా మనిషికే" అనేవారు. నేను నవ్వేదాన్ని.

మా నాన్న ఆయన్ని "ఏరా లైన్‌మన్" అని పిలిచేవాడు. ఆయన మా నాన్న కంటే నాలుగేళ్ళు పెద్ద. మా ఇంట్లో ఆయనకి గ్లాసు వేరే ఉండేది, గుమ్మం పక్క గూట్లో బోర్లించి. చిన్నప్పుడు నేను దాన్ని ప్రత్యేకమైన మర్యాద అనుకున్నాను. ఆయనకి మాత్రమే సొంత గ్లాసు ఉందని కుళ్ళుకున్నాను కూడా. నాన్న పోయాక, పొలం నా చేతికి వచ్చాక, ఆ గూడు పూడ్పించేశాను. మా ఇంట్లో అందరి గ్లాసుల్లోనే ఆయనకీ టీ ఇచ్చాను, 'గారు' అని పిలిచాను. దాంతో లెక్క సరిపోయిందని నన్ను నేను మెచ్చుకున్నాను. ఆయన మాత్రం ఆఖరి దాకా నన్ను అమ్మాయిగారూ అనే పిలిచారు. మాలాంటి ఇళ్ళ మనుషులకు "కాదు" అని చెప్పే అలవాటు ఆయన తరానికి ఎవరూ నేర్పలేదన్న సంగతి నా బుర్రకి తట్టనేలేదు.

రిటైరయ్యాక సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకుంటానని ఆయన చాలా ఏళ్ళ నుంచి అనేవారు. ఒక తుపాను తర్వాత పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి ఆయన్ని చీరాల అవతల తీరానికి పంపారట. పగలంతా ఇసకలో గోతులు తవ్వడం, సాయంత్రం ఒక జాలరి ఇంట్లో అన్నం. ఎక్కడా దీపం లేదు. అయినా ఎవరూ ఆయన్ని తిట్టలేదట, కరెంటు ఎప్పుడొస్తుందని కూడా అడగలేదట. సరుగుడు తోట మీదనుంచి గాలి వస్తుంటే చేపల పులుసుతో అన్నం తిన్నారు. "ఊళ్ళో ఏ ఇంట్లో దీపం ఆరినా నాకే ఫోనొస్తది. నాకు తీగ రాని ఇల్లు కావాలమ్మాయిగారూ. దీపం ఆరితే నాదొక్కడిదే ఆరాలి" అన్నారు.

అన్నట్టే అక్కడ ఇసకలో చిన్న జాగా సంపాదించి, రెండు గదులు, ఒక వరండా లేపారు. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ప్యానెళ్ళ బోల్టులతో సహా అన్నీ స్టీలువే ఎంచుకున్నారు. మా ఆయన మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తారు. అక్కడ అంచులు విరిగిన రాళ్ళు ఏరించి, నేల కోసం మేమే లారీలో పంపించాం. ఆ రాళ్ళ సంగతి మూడేళ్ళుగా నేను ఎంతమందికి చెప్పుకున్నానో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

తలుపులు ఇంకా పెట్టలేదు, దొంగల భయం. అందుకని ఆ ఇంటికి కొన్న ఎనిమిది ప్యానెళ్ళనూ తెచ్చి మా కళ్ళం షెడ్డులో దాచారు. ఆ ఏడు కాలవ ముందే కట్టేశారు. గుంటలో నీళ్ళున్నాయి గానీ తోడటానికి పొలం కరెంటు వేళకి రాదు. పూత మీదున్న మిరప తోట తలలు వాల్చేసింది. షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా ఆ అట్టపెట్టెలు కనిపించేవి.

"లైన్‌మన్ గారూ, మీ తలుపులు అయ్యేలోగా ఇవి ఊరికేగా ఉండేది. ఈ కోత అయిందాకా వాడుకోనా?" అని అడిగాను.

"మీ తోట ఎండబెట్టి నా ఇంట్లో దీపం పెట్టుకుంటానా?" అన్నారు.

తనే వచ్చి గుంట గట్టున ఇనుప చట్రం దిగేసి, నీడ చూసుకుంటూ ప్యానెళ్ళు దక్షిణానికి వంచి బిగించి, మోటారుకి కలిపారు. తోట బతికింది. ఆ ఏడు మా కాయకి వచ్చిన రంగు చూసి మిర్చి యార్డులో మనుషులు ఆగి మరీ చూశారు.

కోత అయింది. గేదెలకి వేసవిలో నీళ్ళు కావాలన్నాను. రెండో ఏడు నల్ల తామరపురుగు పూతంతా నాకేసింది. తోట పీకేసి మళ్ళీ నాటాను, మళ్ళీ నీళ్ళు కావాల్సి వచ్చాయి. మూడో ఏడు నేను కారణం చెప్పనేలేదు, ఆయన అడగనేలేదు. అడగకపోగా వారానికి రెండుసార్లు ఎండ ఎక్కకముందే వచ్చి, తడిపిన పంచె ముక్కతో అద్దాలు తుడిచి వెళ్ళేవారు. అద్దం కాలిన తర్వాత నీళ్ళు తగిలితే పగులుతుందట. మీ ఇంటి వస్తువు మీకు ఇవ్వని మనిషి పొలానికి వెళ్ళి మీరెప్పుడైనా దాన్ని తుడిచి వచ్చారా? నేనైతే గట్టు మీదే తగాదా పెట్టుకునేదాన్ని.

ఒకసారి నాకే ఇబ్బందిగా అనిపించి, "పోనీ ఈలోపు అక్కడ మామూలు కరెంటు తీసుకోకూడదా?" అని సలహా ఇచ్చాను. "నా బతుకంతా స్తంభాలెక్కి, చివరికి నా గుమ్మంలో కూడా ఒకటి పాతమంటారా!" అని పడీపడీ నవ్వారు. ఆయన నవ్వేసరికి నాకు తేలికైపోయింది. ఇల్లు తలుపులతో, కిటికీలతో, మా గ్రానైట్ నేలతో తయారై కూర్చుంది. తాళం వేసి ఉంది. అది మా ఊరికి బండి మీద గంటన్నర. నేను ఒక్కసారీ వెళ్ళి చూడలేదు.

మా ఊరి చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆ మూడేళ్ళూ మొదటి కోతలోంచి ఒక గంపెడు ఎర్రటి కాయ ఆయన పేరు మీద పంపాను. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు గానీ, ఆయనకి ఏదో ఒకటి ఇచ్చినట్టు ఉంటుందని. మూడోసారి గంప నేనే తీసుకెళ్ళాను. గుమ్మం బయట ఆంటీ కనిపించింది.

"మీ తోట ఈసారి ఎప్పటికి అయిపోద్దమ్మా?" అని అడిగింది.

"ఈసారి కాయ బాగా దిగింది ఆంటీ, ఇంకా మూడు కోతలు పడతాయి" అన్నాను.

ఆవిడ అడిగింది తోట గురించి కాదని నాకు తెలుసు. తెలిసే మిరపకాయల గురించి జవాబు చెప్పాను. "మంచిదేగా" అంది ఆంటీ. పక్కనే ఉన్న ఆయన తలెత్తి చర్చి గోడ మీది తీగ వంక చూస్తూ నిలబడ్డారు.

ఈ ఏడు శివరాత్రి ముందు ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుంచి పంపించారు. అప్పుడు నాకు భయమేసింది. ఆ భయం ఆయన కోసమో, నా కోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తోటలో ఆఖరి కోత ఉండగానే ప్యానెళ్ళు విప్పించాను. ఆయన వద్దంటున్నా వచ్చి, చెయ్యి తిరగేసి ఒక్కో అద్దాన్నీ తాకి చూశారు. మేం కొట్టిన పురుగుమందు వాటి మీద తెల్లగా మచ్చలు కట్టింది. ఎంత తుడిచినా పోలేదు. "ఏం పర్లేదులెండి, మచ్చల్లోంచి కూడా ఎండ దిగుద్ది" అన్నారు.

బండిలోకి ఏడు ఎక్కించాక నేను ఆ మాట అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మూడేళ్ళు వాడుకున్న చెయ్యి ఊరికే ఉండదేమో. "ఒకటి ఉంచుకోనా లైన్‌మన్ గారూ? షెడ్డులో దీపానికీ, మందు కొట్టే మిషను చార్జింగుకీ పనికొస్తుంది."

ఆయన చేతిలో పంచె ముక్క ఉంది. దాన్ని మడత పెట్టారు. మళ్ళీ విప్పి మడత పెట్టారు. "ఉంచుకోండి అమ్మాయిగారూ. మేమిద్దరమేగా, ఏడు చాలు" అన్నారు. దాన్ని షెడ్డు మీద తనే బిగించి, వైరు లాగి, దీపం వెలిగించి చూపించి మరీ వెళ్ళారు.

ఆ ఇంట్లో ఆయన మూడు నెలలు కూడా ఉండలేదు.

మా ఊరి సమాధుల తోటలోనే ఆయన్ని పెట్టారు. వారం తిరక్కముందే ఆంటీ సముద్రం దగ్గరికి వెళ్ళిపోతానంది. అందరూ వద్దన్నారు. "ఆయన కట్టింది తాళం వేసుకోడానికా? ఇప్పటిదాకా ఏసింది చాల్లేదా?" అంది. ఆ మాట ఎవరి వైపూ చూసి అనలేదు. నేనే కారులో దిగబెడతానన్నాను.

అలా మొదటిసారి ఆ ఇల్లు చూశాను. తెల్లటి సున్నం గోడలు, మా విరిగిన రాళ్ళనే అంచులు కలిపి పరిచిన నేల, ఎదురుగా సరుగుడు చెట్ల సందుల్లోంచి సముద్రం. స్విచ్చుల కింద ఆయన చేతిరాతతో చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి. వంటగది, ఫ్రిజ్, వరండా ఒకటి, వరండా రెండు. ఆ రెండో దాని మీద నల్ల టేపు వేసి ఉంది. పైకి చూస్తే వరండాలో రెండు ఫ్యాన్లు, వాటి కింద రెండు కుర్చీలు.

బయటికి వచ్చి కప్పు మీదకి చూశాను. ఆరు ప్యానెళ్ళే ఉన్నాయి. చట్రంలో రెండు ఖాళీలు. ఏడోది వరండా మూల గోడకి ఆనించి ఉంది, మా మిరప గోనెసంచిలోనే చుట్టి.

"ఇదెందుకు పెట్టలేదు ఆంటీ?"

"అయ్యి జతలుగా కడితేనే పనిచేస్తయ్యంటమ్మా. జత లేకపోతే ఒట్టిదేనంట. ఆరుతో సరిపెట్టాడు. నా సుగరు సూదిమందుకి ఫ్రిజ్ ఆపకూడదుగా, అందుకని తన ఫ్యానుకి టేపేశాడు. నాకు ఎండ అలవాటేలే అన్నాడు."

"నాకు చెప్పొచ్చుగా ఆంటీ! ఒక్క మాట చెబితే తెచ్చి పడేసేదాన్ని కాదా?"

ఆంటీ నా మొహంలోకి చూసింది. "నేనూ అదే అన్నా. మీరు నోరు తెరిచి అడిగారంట గదా. అడిగినాక కాదని ఎట్టా అంటానే అన్నాడు."

గుండె జబ్బుకీ ఎండకీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడట. ఆంటీ ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. ఆవిడ నన్ను ఊరడించడానికి చెప్పింది, నేను ఊరడిల్లలేదు. ఆయన మూడు నెలలు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్న కుర్చీ నా ఎదురుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు మీదనుంచి ఎనిమిదోది విప్పించి, మా ఆయనతో కలిసి తీసుకెళ్ళాను. చీరాల నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ రెండింటినీ చట్రంలో బిగించి జత కలిపాడు. అంతకుముందే నిచ్చెనెక్కి, ఆయన పంచె ముక్క తడిపి అద్దాలు తుడిచాను. మచ్చలు పోలేదు. కిందకి దిగి, రెండో స్విచ్చు మీది టేపు గోటితో గీరి తీశాను. వేసే ముందు ఆంటీ వంక చూశాను. వెయ్యమన్నట్టు తలూపింది.

ఫ్యాను మొదట మెల్లగా కదిలింది, తర్వాత అందుకుంది. కొత్త ఫ్యాను, ఒక్కసారి కూడా తిరగనిది. రెక్కల మీద పేరుకున్న ఇసక సన్నగా రాలింది. ఆంటీ తన కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ చేతి మీద ఆరేసిన పంచె ముక్క ఆ గాలికి లేచి పడుతూ ఉంది. ఫ్యాను ఆపమని ఆవిడ అనలేదు. స్విచ్చు దగ్గరే నిలబడి ఉన్నాను గానీ, నేనూ ఆపలేదు.