అరబా తావియా చింపిన గుడ్డ

అరబా తావియాతో గొడవ పడనివాళ్ళు మా కేప్ కోస్ట్‌లో ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు నిన్నో మొన్నో బస్సు దిగినవాళ్ళయి ఉండాలి. నేనే ఎన్నిసార్లు పడ్డానో! ఆవిడ గొడుగు ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, అదే కెంకీ, అమ్మే నా బల్ల మీదికి జరిగిందని ఒకసారి, నేను చేపలు వేయించే పొగ ఆవిడ మొహాన కొడుతోందని ఇంకోసారి. పొగ గురించి మాట్లాడే మొహమేనా అది! సగం జీవితం సముద్రపు ఒడ్డున చేపలు పొగబెట్టి అమ్మిన మనిషి. అక్కడ చేపల బేరాలకు పెద్దదిక్కుగా ఉండే ఒక పెద్దావిడని, బుట్ట కొలతలో మోసం చేస్తున్నావని నలుగురిలో కడిగేసి, పొయ్యి ఆర్పేసి వచ్చేసింది. "క్షమించమని ఒక్క మాట అను, నీ చోటు నీకిస్తాను" అని ఆ పెద్దావిడ కబురు పెడితే, "ఆ మాట నా నోటికి రాదని చెప్పండి" అందట. అలాంటి మొండిఘటం.

ఆ తరవాత నారింజపళ్ళు ఒలిచి అమ్ముకుంటూ పరీక్ష హాలు గేటు దగ్గరికి చేరింది. నేను అప్పటికే అక్కడ కెంకీ, వేయించిన చేప, మిరపకారం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ హాల్లోనే ఏటా నర్సులకి, పురుళ్ళు పోసే నర్సులకి లైసెన్సు పరీక్ష జరుగుతుంది. మూడేళ్ళు చదివినా, ఆసుపత్రిలో రాత్రనక పగలనక చాకిరీ చేసినా, ఈ పరీక్ష గట్టెక్కితేనే మనిషి ఒంటిమీద చెయ్యి వెయ్యనిస్తారు.

గేటుకి ఒక బోర్డు. ఫోను, చేతికి కట్టుకునే ఎలక్ట్రానిక్ వాచీ, చెవిలో దోపుకునేవి, లెక్కలు చేసే మిషను, ఏదీ లోపలికి రాకూడదు. దొరికితే పరీక్ష రద్దు, మళ్ళీ రెండేళ్ళదాకా రాయడానికి వీల్లేదు. పరీక్ష జరిపించేవాళ్ళకి కూడా ఇదే నియమమని కింద రాసి ఉంటుంది. బాగానే ఉంది. కాపీ కొట్టి పాసైన నర్సు చేతిలో నా కోడలు పురుడు పోసుకోవాలని నాకేమన్నా సరదానా? కానీ ఎక్కడెక్కడి నుంచో తెల్లారేసరికి బస్సు దిగిన పిల్ల, ఆ ఫోను తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలి? ఆ ముక్క ఏ బోర్డూ చెప్పదు. చెబితే వాళ్ళ సొమ్మేం పోయిందో!

ఒక ఏడాది ఒక పిల్ల, గేటు మూసేస్తున్నారని కంగారులో, ఫోనుని సంచీతో సహా కాలవ పక్క గడ్డిలో దాచి లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి గడ్డి ఉంది, సంచీ లేదు. బస్సు డబ్బులూ అందులోనే. ఆ పిల్ల కాలవ గట్టున కూలబడి ఏడుస్తుంటే అరబా తావియా పళ్ళు పటపట కొరికింది. గేటు కాపలావాణ్ణి తిట్టింది, బోర్డుని తిట్టింది, ఊరకే చూస్తున్నందుకు నన్నూ తిట్టింది. మరుసటి పరీక్షకి నారింజపళ్ళు మానేసి, ఒక పెద్ద అల్యూమినియం బేసినూ ఒక పాత గుడ్డా తెచ్చుకుని కూర్చుంది.

ఆవిడ పద్ధతి ఆవిడదే. ఫోను తన కళ్ళముందే ఆపించాలి. పాత గుడ్డలోంచి ఒక పీలిక చింపుతుంది. దాన్ని మళ్ళీ రెండు ముక్కలు చేసి, ఒక ముక్కతో ఫోను మూటకట్టి బేసిన్లో వేస్తుంది, రెండో ముక్క నీ చేతిలో పెడుతుంది. తిరిగొచ్చినప్పుడు చిరిగిన అంచులు రెండూ కలిపి చూస్తుంది. దారానికి దారం, బొమ్మకి బొమ్మ కలిస్తేనే మూట విప్పుతుంది. "నంబరు బిళ్ళలు పెట్టుకోరాదా అక్కా?" అన్నాను ఒకసారి. "బిళ్ళ ఎవడైనా చేయించుకోవచ్చే ఎకువా. నేను చింపిన చింపు ఇంకోడిని చింపమను చూద్దాం!" అంది. నిజమే. ఒక్క ఫోనైనా తారుమారైందని నేను వినలేదు. హాలు ఆఫీసు బీరువాలోంచి రెండు ఫోన్లు మాయమయ్యాక, పరీక్ష కాపలా కాసే మేస్టర్లు కూడా నోరుమూసుకుని ఆవిడ బేసిన్ ముందే వరస కట్టారు.

ఇక ఆ రోజు సంగతి. ఎఫువా మన్సా అని ఒక పిల్ల వచ్చింది. కోకో తోటల ఊళ్ళ నుంచి. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంది. వాళ్ళమ్మ పరాయి తోటల్లో కోకో కాయలు మోసి చదివించిందట. వాళ్ళ ఊళ్ళో పురుళ్ళ గది కట్టారు, మంచం వేశారు, నర్సు మాత్రం లేదు. లైసెన్సు తెచ్చుకో, ఆ గది నీదే అన్నారట. నా బల్ల మీద కూర్చుంది గానీ కెంకీ ఆకు విప్పి అలా చూస్తూనే ఉండిపోయింది.

"తినవే తల్లీ," అంది అరబా. "ఖాళీ కడుపుతో లోపల కళ్ళు తిరిగి పడ్డావంటే, అది కూడా కాపీయే అంటారు ఈ మారాజులు."

పిల్ల నవ్వింది, నాలుగు ముద్దలు తింది. అరబా ఆ రోజు చింపుతున్నది అక్షరాల గుడ్డ. మా దగ్గర ఆ గుడ్డ కట్టని తల్లి ఉండదు. పలక, పుస్తకం, చుట్టూ ఎ, బి, సి, డి అక్షరాలు. పిల్లని బళ్ళో వేసినప్పుడు కొనుక్కుని వీధంతా తిరిగి చూపించుకుంటాం. తన కూతుర్ని బళ్ళో వేసిననాటి గుడ్డని, అంచులు పీలికలయ్యాయని, ఆ పొద్దున తెచ్చి అందరికీ చింపి ఇచ్చింది. పరీక్ష జరిపించే పెద్ద మిస్టర్ ఎషున్‌కి కూడా. ఆయన రాజధాని అక్రా నుంచి వచ్చాడు. పెద్దమనిషి కదా, చేతిలో పెట్టిందేమిటో చూడకుండానే జేబులో కుక్కుకుని లోపలికి వెళ్ళాడు.

గంట కూడా కాలేదు. మన్సా గేటు బయటికి వచ్చేసింది.

"ఏమైందే?" అంది అరబా.

"పట్టుకున్నారు ఆంటీ. చెమట తుడుచుకుందామని చేతిరుమాలు తీస్తే మీ గుడ్డ ముక్క కింద పడింది. దాని మీద సి, ఎ, డి అని అక్షరాలున్నాయి కదా, పేపర్లో జవాబులకీ ఎ, బి, సి, డి అనే గుర్తులే. జవాబులు రాసుకొచ్చావు అన్నారు ఎషున్ సార్. పేపరు లాగేసుకున్నారు."

"అక్షరాల గుడ్డని ఎరగని మనిషి ఉంటాడా ఈ దేశంలో!" అన్నాను నేను.

"ఎరుగుదురట. కావలసిన అక్షరాలున్న ముక్క ఏరుకుని తెచ్చుకోవడమే నా తెలివి అట. రద్దు చేస్తున్నామని అక్రాకి చెప్పేస్తారట. రెండేళ్ళు ఆంటీ! రెండేళ్ళు మా అమ్మ ఇంకా మొయ్యలేదు."

అరబా తావియా ఒంటికాలిమీద లేచింది. గేటు కాపలావాడు అడ్డం వచ్చాడు. "పరీక్ష రాసేవాళ్ళకి తప్ప లోపలికి లేదు అక్కా, నా ఉద్యోగం పోతుంది," అన్నాడు. "నీ ఉద్యోగం నాకెందుకురా, ఆయన్నే బయటికి రప్పిస్తాను చూడు," అని వెనక్కి వచ్చి, బేసిను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రాక ఎక్కడికి పోతాడు? అక్రాకి చెప్పాలంటే ఫోను కావాలి. హాల్లో ఉన్న ఫోను తీగ తెగి ఎన్నాళ్ళయిందో. ఇంకొకరి ఫోను అడుగుదామన్నా, ఆఫీసు నంబరు ఆయన ఫోన్లోనే ఉంది. మెడకి టై బిగించుకుని మిస్టర్ ఎషున్ చకచకా గేటు దాటి వచ్చాడు. మన్సా దగ్గర లాక్కున్న గుడ్డ ముక్క ఒక కవర్లో పెట్టి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమ్మా, నా ఫోను ఇయ్యి. త్వరగా."

"గుడ్డ చూపించండి సార్."

"నేనెవరో తెలీదా నీకు?"

"నాకు తెలుసు సార్. బేసిన్లో మూటకి తెలీదు. గుడ్డ చూపించండి."

చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. ఆఖరికి వెనక జేబులోంచి, నలిగిపోయిన ముక్కని లాగి ఆవిడ మీదికి విసిరినట్టు ఇచ్చాడు. అరబా దాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది. నేను వంగి చూశాను. నా కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"బి," అంది అరబా, గేటు ముందున్న వాళ్ళందరికీ వినబడేలా. "డి. అబ్బో, దీని పక్కన ఎ కూడా ఉందే! సార్, ఇవి ఏ ప్రశ్నలకి జవాబులు? పిల్ల దగ్గర దొరికినవాటికంటే మీవే పెద్ద అక్షరాలు. చూపు ఆనదని ఏరుకున్నారా?"

టాక్సీలవాళ్ళు పకపకా నవ్వారు. నీళ్ళ పొట్లాలమ్మే ఆడవాళ్ళు చేతులు చరుచుకున్నారు. కాపలావాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు గానీ వాడి భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ఎషున్ మొహం మాడిపోయింది.

"నేను పరీక్ష రాయడం లేదు!" అని అరిచాడు.

"రాసేవాళ్ళందరి దగ్గరా ఉంది సార్ ఇదే గుడ్డ. మీ మేస్టర్ల జేబుల్లోనూ ఉంది. ఫోను లోపలికి రాకూడదని మీరే అంటిరి, బయట పెట్టినదానికి గుర్తు ఇది. కాపీ అంటారా, అందర్నీ పట్టుకోండి. హాలంతా ఖాళీ చేయించి తాళం వేసుకుని పొండి. లేదంటారా, ఆ కవర్లో ముక్క ఇలా ఇవ్వండి."

ఇవ్వనన్నాడు. సాక్ష్యం అన్నాడు. "మీ చేతిలోనే పట్టుకోండి, నేను ముట్టుకోను," అంటూ అరబా మన్సా ఫోను మూట తీసి, దాని అంచు కవర్లోంచి తొంగిచూస్తున్న ముక్కకి ఆనించింది. సి అనే అక్షరం సగానికి చిరిగి ఉంది. సగం మూట మీద, సగం ఆయన చేతిలో. రెండూ కలిసి నిండు అక్షరమైంది. ఏరుకున్న అక్షరం కాదది, చింపులో తెగిన అక్షరం. ఆయనకి అర్థమైంది.

పొరపాటైంది అనే మాట మాత్రం ఆయన నోట రాలేదు. టై సర్దుకున్నాడు. "సరే. నియమం నియమమే. అనుమతి లేని వస్తువు లోపలికి తెచ్చానని ఒక కాగితం మీద సంతకం పెట్టు. హెచ్చరించి వదిలేస్తాను. వెళ్ళి రాసుకో," అన్నాడు మన్సాతో. జేబులోంచి కాగితం తీసి, తనే రెండు ముక్కలు రాసి, పెన్ను చాచాడు.

ఆ కాగితం ఎక్కడికి పోతుందో అక్కడున్న అందరికీ తెలుసు. పరీక్ష పాసైనా, లైసెన్సు ఫైల్లో మొదటి కాగితం అదే అవుతుంది. రేపు ఎవరు ఏ ఫిర్యాదు చేసినా ముందు అది బయటికి తీస్తారు. ఇంతకు ముందోసారి దొరికినదే కదా, అంటారు.

మరి అరబా తావియా ఏమందనుకున్నారు? పోట్లాడటం తప్ప ఎరగని అరబా తావియా! ఆవిడ హాలువైపు చూసింది. లోపల అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. "పెట్టెయ్ తల్లీ," అంది, గొంతు తగ్గించి. "టైము పోతోంది. పరీక్ష ముఖ్యం. ఒక్క సంతకమే కదా, పెట్టేసి పో."

చేపల పెద్దావిడకి క్షమించమని ఒక్క మాట అనలేనన్న మనిషి!

మన్సా పెన్ను అందుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మాట గట్టిగానే వచ్చింది.

"నేను తప్పేం చెయ్యలేదు సార్. సంతకం పెట్టను."

"అయితే రాయలేవు."

"నేను పెడితే మీరూ పెట్టాలి సార్. మీరూ అదే గుడ్డ జేబులో పెట్టుకుని హాల్లో తిరిగారు. కాగితం మీద మన ఇద్దరి పేర్లూ రాయండి. మీరు ముందు పెట్టండి, కిందనే నేనూ పెడతాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎషున్ పెన్ను అలాగే చాచి ఉన్నాడు. అరబా మోకాలి మీద ఆయన ముక్క ఇంకా పరిచే ఉంది. దానివైపు చూశాడు, మావైపు చూశాడు. తరవాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించేశాడు.

"పోయిన టైము ఇవ్వను," అన్నాడు.

"అడగలేదు సార్," అని ఆ పిల్ల ఆయన పక్కనుంచే గేటులోకి నడిచింది. నిజంగా చెబుతున్నాను, ఆ పూట ఎంతమందికి కెంకీ ఇచ్చానో, ఎవరి దగ్గర డబ్బు తీసుకోవడం మరిచానో నాకే తెలీదు.

మన్సా ఆ మిగిలిన టైములోనే రాసి పాసైంది. ఇప్పుడు వాళ్ళ ఊరి పురుళ్ళ గది ఆ పిల్లదే. మా గేటు బోర్డుకి మాత్రం కొత్తగా ఒక వాక్యం చేరింది, గుడ్డ ముక్కలు కూడా లోపలికి తేకూడదని. అరబా ఏం చేసిందంటారా? పిల్లల మోచేతి మీద పసుపుపచ్చ రంగుతో సగం గీత, మూట మీద సగం గీత గీస్తోంది. చెయ్యి బయట పెట్టి రమ్మంటారేమో చూద్దామంటుంది.

ఆ రోజు సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్రా ఆఫీసరుని నిలదీసిన మొనగత్తె అని ఎవరైనా అరబా తావియాని పొగిడితే, ఆవిడ వాళ్ళమీద విరుచుకుపడుతుంది. నా ముందే ఎంతమందిని కసిరిందో. పోయిన వారం టాక్సీ డ్రైవరు ఒకడు అలాగే మొదలుపెట్టాడు.

"నోరుముయ్," అంది. "సంతకం పెట్టెయ్యమన్నది నేను. ఆ పిల్ల గనక నా మాట విని ఉంటే, ఇవాళ దాని చేతుల్లో పుట్టే ప్రతి బిడ్డా దొంగ చేతుల్లో పుట్టినట్టు ఆ ఫైల్లో రాసి ఉండేది."