పదిహేనేళ్ళ తర్వాతి సముద్రం

సముద్ర పరిశోధన సంస్థలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉండేదే తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ ఆవిడ ఉప్పక్క. పని అలాంటిది. పరిశోధన ఓడ ఆరు నెలలకోసారి వెళ్ళి, నాలుగు వేల మీటర్ల లోతు నుంచి నీళ్ళు తోడి గాజు సీసాల్లో పట్టుకొచ్చేది. ఆ సీసాలు పెట్టెలకు పెట్టెలు కింది అంతస్తులోని ఆవిడ గదికి చేరేవి. ఒక్కో సీసాలో ఉప్పెంతో ఆవిడ తేల్చాలి.

ఆ గదిలో వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటకూడదు, తగ్గకూడదు. సీసాలు ఒక రోజంతా ఆ గాలికి అలవాటు పడాలి. తర్వాత యంత్రం గొట్టంలోకి నీళ్ళు ఎక్కించి, మూడుసార్లు కడిగి, నాలుగోసారి వచ్చిన అంకె రాసుకోవాలి. మధ్యలో ఎవరైనా తలుపు తీశారా, మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే తలుపు మీద ఒక కాగితం అంటించింది: "లోపల మనిషి ఉంది. అయినా తట్టకండి." ఇంత ఉప్పు కొలిచే మనిషి ఇంట్లో కూర మాత్రం ఎప్పుడూ చప్పగానే ఉంటుందని తమ్ముడు వేళాకోళం చేసేవాడు. అది నిజమే.

ఆ తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. చదువు వాడికి ఎక్కలేదు. మొదటి జీతాలు కూడబెట్టి, రేవులో ఒక చిన్న పడవలో సగం వాటా కొనిపెట్టింది. పడవ ఎక్కాక వాడు మనిషయ్యాడు. పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. అక్క మాటంటే వాడికి ఎదురు లేదు. అక్క మాత్రం పెళ్ళి ఊసు ఎత్తనివ్వలేదు.

సంస్థలో ఆవిడ గదికి పనిగట్టుకుని దిగి వచ్చేది ఒక్క లెక్కల సారే. కంప్యూటర్లతో సముద్రం నడకను లెక్కగట్టి, దశాబ్దాల తర్వాత ఇక్కడి వాతావరణం ఎలా ఉంటుందో చెప్పడం ఆయన పని. ఓ రోజు స్టూలు లాక్కుని కూర్చుని ఆవిడకు విడమరిచి చెప్పాడు. ఎక్కడో మంచు సముద్రాల దగ్గర చల్లబడి, ఉప్పు పట్టి, బరువెక్కి మునిగిన నీరు ప్రపంచం అడుగున ఏళ్ళ తరబడి పాకుతుంది. అది నడిస్తేనే పైనున్న నీరు కదులుతుంది. మన తీరంలో చల్లనీరు పైకి లేస్తుంది, దాని వెంట మేత, మేత వెంట చేప. మునిగే నీటిలో ఉప్పు తగ్గిందంటే నీరు తేలికైందన్నమాట. ఇక నడక మందగిస్తుంది.

"ఆ సంగతి తీరంలో వాళ్ళకు తెలియడానికి ఏళ్ళు పడుతుందమ్మా. మీ సీసాకి ఇవాళే తెలుస్తుంది" అన్నాడాయన.

ఆవిడకు అంతవరకూ ఎవరూ అలాంటి మాట చెప్పలేదు. ఆ మాటను నెత్తిన పెట్టుకుంది. అన్ని సీసాల్లోనూ అంకె ముప్పై నాలుగూ పాయింటు తొమ్మిదే. తేడా అంతా ఆ తర్వాతి అంకెల్లో. పదేళ్ళలో ఆ తేడా ఒకే వైపుకు, కిందికి జరుగుతూ పోవడం ఆవిడ కళ్ళారా చూసింది. చివరికి లెక్కల సారు నివేదిక రాశాడు. ఈ తీరంలో చల్లనీరు లేవడం ఆగిపోతుంది, చేప తరలిపోతుంది అని. ఆ నివేదికను పైవాళ్ళు చదివారో లేదో గాని బీరువాలో పెట్టారు. ఉప్పక్క మాత్రం ఇంటికి పట్టుకెళ్ళి ఎనిమిదిసార్లు చదివింది.

అప్పటికి తమ్ముడికి ముప్పై ఆరేళ్ళు. సొంతంగా పెద్ద పడవ కట్టిస్తున్నాడు. అడుగు దూలం వేసి పక్కటెముకలు నిలబెట్టారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పడవలు కట్టే చోటికి వెళ్ళింది. ఇద్దరూ దుంగల మీద కూర్చున్నారు. ఆవిడ సంగతంతా చెప్పింది. వాడు చెక్క పొట్టు గుప్పిట్లోకి తీసుకుని నలిపాడు.

"అంత దూరం సంగతి ఎలా తెలుస్తుందక్కా? రేడియోలో రేపటి గాలే సరిగ్గా చెప్పలేరు."

"గాలి రోజుకో రకంగా పోతుందిరా. అడుగు నీళ్ళు అలా కాదు. అది ఎప్పుడో బయల్దేరి దారిలో ఉంది. నేను చూస్తూనే ఉన్నాను."

"ఖాయమేనా?"

"ఖాయం. పదిహేనేళ్ళు. పెద్ద పడవ ఇరవై ఏళ్ళు నడిస్తేగాని గిట్టదు. వద్దు."

నివేదికలో అలా లేదు. పది నుంచి పాతికేళ్ళు అని ఉంది. ఈలోపల హెచ్చుతగ్గులు తప్పవని కూడా ఉంది. ఆ రెండు ముక్కలూ చెబితే వాడు పడవ పూర్తి చేస్తాడని ఆవిడకు తెలుసు. అందుకని మింగేసింది.

వాడు పని ఆపించాడు. సగం కట్టిన పడవనూ, చిన్న పడవలో వాటానూ అమ్మేశాడు. రేవు పక్కనే ఉన్న ఐసు ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పని ఖాళీ ఉంటే, ఉప్పక్కే వాళ్ళనూ వీళ్ళనూ పట్టుకుని వాడికి ఇప్పించింది. నీడపట్టున ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు. తమ్ముణ్ణి గట్టున పడేశానని ఆవిడ సంబరపడింది.

మరుసటి ఏడు సముద్రం విరగకాసింది. ఆపై ఏడు ఇంకా ఎక్కువ. వలలు చిరిగేటంత చేప. తమ్ముడి పడవ కొన్నవాడు దాన్ని పూర్తిచేసి, నాలుగేళ్ళు తిరక్కుండా రెండోది దించాడు. పడవ ఎందుకు అమ్ముకున్నాడో తెలిసిన రేవు జనం తమ్ముడికి 'పదిహేనేళ్ళు' అని పేరు పెట్టారు. ఐసు దిమ్మల కోసం వచ్చిన ప్రతివాడూ, "ఏం పదిహేనేళ్ళూ, ఇంకా ఎన్నున్నాయి?" అని పలకరించి పోయేవాడు.

ఉప్పక్క ఉండబట్టలేక మూడో అంతస్తుకెక్కి లెక్కల సారును అడిగింది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే జవాబిచ్చాడు. "రాశాంగా అమ్మా, హెచ్చుతగ్గులుంటాయని. నలభై ఒకటో పేజీ చూడండి." ఆ పేజీ ఆవిడకు కంఠతా వచ్చు.

తమ్ముడు ఆవిడ ఇంటికి రావడం మానేశాడు. ఆవిడే వెళితే, ఏదో పనున్నట్టు పెరట్లోకి పోయేవాడు. మరదలు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, గోడకేసి చూస్తూ నిలబడేది. తొమ్మిదో ఏట ఒక్కసారి వాడు గుమ్మం దాకా సాగనంపుతూ నోరు విప్పాడు.

"నువ్వు అబద్ధం చెప్పావనుకోనక్కా. పొద్దున్నే పడవలు పోతుంటాయి, నేను లోపల యంత్రం ముందుంటాను. ఆ వేళకి నీ మొహం గుర్తుకు రాకపోతే బాగుండనిపిస్తుంది."

పన్నెండో ఏట ఐసు ఫ్యాక్టరీలో అమోనియా వాయువు గొట్టం పగిలింది. లోపలున్న నలుగురినీ బయటికి తోసి, వాల్వు కట్టడానికి తమ్ముడు వెనక్కి వెళ్ళాడు. కట్టాడు కూడా. ఊపిరితిత్తులు మాడిపోయాయి. ఎనిమిది నెలలు దిండ్లకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయి, కూర్చునే పోయాడు. వెనక్కి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు కనక తప్పు అతనిదేనని యాజమాన్యం కాగితం రాసింది.

ఆ తర్వాత నాలుగో ఏట చల్లనీరు లేవలేదు. ముందు చిన్న చేప పోయింది, దాని వెనకే పెద్దది. పడవలు రేవులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడిపోయాయి. అప్పుడు బీరువాలోంచి నివేదిక బయటికొచ్చింది. లెక్కల సారుకు పెద్ద బహుమానం ప్రకటించారు. సభలో ఆయన ఓడకు, కంప్యూటర్లకు, సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పాడు. ఉప్పక్క నాలుగో వరసలో కూర్చుని ఆ మూడో మాటలో తనను వెతుక్కుంది. సభ అయ్యాక ఆయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మన లెక్క నిజమైందమ్మా."

"మా తమ్ముడు పోయాడు సార్."

"అయ్యో, ఎప్పుడు?" అన్నాడాయన. అంతలో ఫోటోకి పిలిచారు.

రెండు నెలలకు ఆవిడ ఉద్యోగ విరమణ చేసింది. నీళ్ళలో మునిగి తేలుతూ తమంతట తామే ఉప్పు కొలిచే యంత్రాలు అప్పటికే వచ్చేశాయి. ఆవిడ గదిలో విరిగిన కుర్చీలు వేశారు. నివేదిక గురించి రాసిన వార్తాపత్రిక మడిచి పట్టుకుని ఆవిడ మరదలింటికి వెళ్ళింది. తమ్ముడు పిచ్చివాడు కాదని ఇప్పుడైనా తేలింది, ఆ మాట చెవిన వేయాలని ఆవిడ ఆశ. ఇంటినిండా మూటలు. మేనకోడలు వేరే ఊళ్ళో బట్టల దుకాణంలో పనికి కుదిరింది, అక్కడికి ప్రయాణం.

మరదలు పేపరు అందుకోలేదు.

"చేపలు పోయాక ఐసు ఎవరిక్కావాలి వదినా? పోయిన నెల ఫ్యాక్టరీ మూసేశారు, క్వార్టరు ఖాళీ చేయమన్నారు. చేపలు పోతాయని తెలిసినదానివి, ఐసు కూడా పోతుందని నీకు తట్టలేదా?"

ఉప్పక్కకు నిజంగానే తట్టలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తట్టలేదు.

మరదలు మూట ముడి బిగిస్తూ, గొంతు పెంచకుండానే అంది. "పడవ కట్టుకుని ఉంటే పదహారేళ్ళు నడిపేవాడు. సంతోషంగా నడిపేవాడు. ఆ తర్వాత అందరితో పాటే దిగి వచ్చేవాడు. అందరూ బతికే ఉన్నారుగా."

ఆవిడ పేపరు చంకలో పెట్టుకుని, బరువైన మూట ఒకటి ఎత్తుకుని, వాళ్ళ వెంట బస్టాండుకు నడిచింది. మరదలు వద్దనలేదు. బస్సెక్కాక కిటికీలోంచి చేతులు చాచి మూట అందుకుంది. తర్వాత కూతుర్ని ఇటువైపు కూర్చోబెట్టి, తను అవతలి వైపు సీటులోకి మారింది. బస్సు కదిలేదాకా ఉప్పక్క అక్కడే నిలబడింది. ఏ వీధిలో ఉండబోతున్నారో అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.