చేజారిన విసనకర్ర

ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలు చాలా తక్కువ. అమ్మ పోయి ఆరు నెలలయింది. బాపు పొద్దున్నే మగ్గం ముందు కూర్చుంటే (మావాళ్ళు జంపఖానాలు నేస్తారు) అన్నానికి తప్ప లేచేవాడు కాదు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ మానేసి, రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. "తిన్నవా?" "తిన్న." రోజు మొత్తానికి మా ఇద్దరి మధ్యా అంతే. అమ్మ పేరు ఎత్తితే ఏమైపోతామో అని ఇద్దరికీ భయం.

ఒకరోజు బాపే నన్ను వెంటబెట్టుకుని హనుమకొండ పోయి, ఒక స్కూలు గ్రౌండులో పొద్దుటి పూట కుంగ్‌ఫూ నేర్పే మాస్టర్ ముందు నిలబెట్టాడు. "సారూ, జర ఈ పిల్లను నలుగుర్ల తిప్పున్రి. కొట్టుడు నేర్పకున్నా మంచిదే" అన్నాడు. మాస్టర్ నా చేతికి కర్ర ఇవ్వబోతే నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన కాసేపు ఆలోచించి, ఎర్ర గుడ్డ, వెదురు పుల్లలున్న మడత విసనకర్ర ఒకటి తెచ్చిచ్చాడు. దాంతో కూడా యుద్ధం చేయొచ్చట. అడుగు ముందుకేసి ఫట్టున తెరవాలి, ముఖానికి అడ్డం పెట్టాలి, తిరిగి మూసి పొడవాలి. నాది మాత్రం సగమే తెరుచుకునేది. "మణికట్టు తిప్పమ్మా, భుజం కాదు. చప్పుడు రాకపోతే అది యుద్ధం కాదు, ఉక్కపోత" అనేవాడు మాస్టర్, ఏమాత్రం నవ్వకుండా.

ఇంటికొచ్చి మగ్గం పక్కనున్న కొద్ది జాగాలో అభ్యాసం చేసేదాన్ని. పక్కింటి పెద్దమ్మ తలుపులోంచి తొంగిచూసి, "ఏమే పిల్లా, కరెంటు పోయిందా? గింత చలిల విసురుకుంటానవ్?" అని అడిగేది. (చేస్తున్నది యుద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.) నెల తర్వాత ఒక సాయంత్రం విసనకర్ర మొదటిసారి ఫట్టున పూర్తిగా తెరుచుకుంది. మగ్గం చప్పుడు ఆగింది. బాపు తలెత్తకుండానే, "ఇయ్యాల మంచిగ పలికింది" అన్నాడు. అన్ని నెలల్లో ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. ఆ మాట మళ్ళీ వినడానికే నేను రోజూ సాధన చేశానంటే అబద్ధం కాదు.

ఎండాకాలంలో మా చుట్టుపక్కల కుంగ్‌ఫూ క్లబ్బులన్నిటికీ పోటీ పెట్టారు. నాకంటే రెండు సైజులు పెద్దదైన నల్ల డ్రెస్సు, జారిపోకుండా నడుముకి జంపఖానా దారం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరుసలో కూర్చున్నాడు. సగం దాకా బాగానే చేశాను. తర్వాత విసనకర్రను పైకి ఎగరేసి పట్టుకోవాలి. అరచేతుల నిండా చెమట. అది నా చేతిలోంచి జారి, గాల్లో గిర్రున తిరిగి, ముందు వరుసలో ఉన్న ముఖ్య అతిథి ఒళ్ళో పడింది. అంతకుముందే ఆయనకు శాలువా కప్పారు. ఇదీ సన్మానంలో భాగమే అనుకున్నాడేమో, నాకు దండం పెట్టి, విసనకర్ర విప్పి, విసురుకోవడం మొదలుపెట్టాడు.

హాలంతా ఘొల్లుమంది. పక్క తలుపు ఎంత దూరముందో చూశాను. మళ్ళీ ఇంట్లో ఆ గోడ దగ్గరికి పోయి కూర్చుంటే ఇక లేవనని నాకు ఆ క్షణంలో తెలుసు. అప్పుడు వెనక నుంచి కేక వినబడింది.

"ఆగకు బిడ్డా! కానియ్యి!"

బాపు నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు అంత పెద్దదని నేను మరిచేపోయాను. ఉత్త చేత్తోనే అడుగు ముందుకేశాను. విసనకర్ర తెరవాల్సిన చోట ఐదు వేళ్ళూ విప్పాను. సరిగ్గా అదే క్షణంలో వెనక వరుసలో ఫట్టుమని ఒక్క చప్పట. మళ్ళీ తిరిగి చెయ్యి విప్పాను. మళ్ళీ చప్పట. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పలేదు. నెలల తరబడి తల దించుకుని నేస్తున్నాడనుకున్న మనిషి, నా అడుగులన్నీ చెవులతో నేర్చుకున్నాడు. నవ్వులు మెల్లగా ఆగిపోయాయి. చివరి వరకూ చేసి, వంగి నమస్కారం పెట్టి దిగాను.

బహుమతి రాలేదు. ముఖ్య అతిథి విసనకర్రను శాలువాతో పాటే కారులో పట్టుకుపోయాడు. ఇంటికి ఆటోలో వస్తుంటే బాపు చాలాసేపటికి, "పోనీతియ్, పాపం మంచిగ విసురుకుంటాండు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. ఆపుకుందామంటే ఇద్దరికీ చేతకాలేదు. ఆటో అన్న అద్దంలోంచి మమ్మల్ని అనుమానంగా చూశాడు. బాపు కళ్ళు తుడుచుకుంటూ, "మీ అమ్మ ఉంటేనా, ఆయన చేతిలకెంచి గుంజుకొచ్చేది" అన్నాడు. నేను, "శాలువా గూడ గుంజుకొచ్చేది" అన్నాను. ఇల్లు చేరేదాకా అమ్మ గురించే మాట్లాడుకున్నాం.

కాలేజీకి మళ్ళీ పోయాను. ఇప్పుడు ఒక స్కూల్లో ఆటల టీచర్ని. ఆ పోటీని అప్పుడెవరో ఫోన్లో తీసిన వీడియో మా పిల్లలకు ఎక్కడో దొరికింది. "మేడం, గీమె మీరేనా?" అని పగలబడి నవ్వుతూ చూపిస్తారు. చూస్తాను. వదులు ప్యాంటులో ఒక బక్కపల్చని పిల్ల, చేతిలో ఏమీ లేకుండా, లోకంలో ఇంతకు మించిన పని లేదన్నంత గంభీరంగా గాలితో పోరాడుతుంటుంది. ఆ పిల్ల మీద నాకు నవ్వూ వస్తుంది, కొంచెం గౌరవమూ కలుగుతుంది.

"నేనే" అంటాను.