ఆయన చేత్తోనే

రాప్తాడులో మా సేవా క్లబ్బు పౌరహక్కుల దినం జరిపినప్పుడు, కూలీల హక్కుల కోసం పోరాడిన ఒక పెద్దమ్మను సన్మానానికి పిలిచాను. ఎదుటి మనిషిని రెప్పవేయకుండా చూడడం ఆమె అలవాటు.

"వస్తా నాయనా. శాలువా మాత్రం మీ ప్రెసిడెంటే కప్పల్ల," అంది.

ఆయనే కప్పాడు. ఆమె మైకు అందుకుని ఆయన కళ్లలోకి చూసింది.

"కరువులో నీళ్లకొస్తే, కులం పేరుతో తిట్టి, నీ బోరుకాడ నా కడవను తన్నినావు. అవునా, కాదా?"

ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"చెప్పప్పా. ముప్పై ఏండ్లు కాసుకోనుండా."

"అవును," అన్నాడు చివరికి, తలవంచుకుని.

"నేను మన్నించేది లేదు." శాలువా ఆయన చేతుల్లో పెట్టి ఆమె వేదిక దిగింది.

మొదట చప్పట్లు కొట్టింది ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్యే.