పైడమ్మకు చెప్పని సగం మాట

కొన్నేళ్లుగా ఒక మాటను లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. గుండె జబ్బు మనిషివి, బరువులు ఎత్తకు అని డాక్టర్లు చెప్పారు. ఈ బరువును ఎక్కడ దించుకోవాలో ఎవరినీ అడగలేకపోయాను. తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే నా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. చూశారా, ఒప్పుకుంటూ కూడా దాక్కునే చోటు వెతుక్కుంటున్నాను. అయినా మీరు చదవండి.

నేను దీవుల మధ్య తిరిగే ఫెర్రీల్లో ఇంజిన్ పని చేసినవాణ్ణి. ఫీనిక్స్ బే రేవు నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా నా ఉద్యోగమంతా డెక్కు కిందే గడిచింది. మా ఊరు బ్రూక్షాబాద్‌లో, మా వీధిలో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి బోటు మోటారు మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. ఇక బాగుపడదు అని నేనంటే మారు మాట్లాడకుండా పారేసేవారు. వాళ్లకు నా మాట మీద అంత గురి. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

ఉద్యోగం అయిపోయాక గుండెపోటు వచ్చింది. బతికాను గానీ గుండె నీరసించిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు. మెయిన్‌ల్యాండ్‌కు వెళ్లి విశాఖపట్నంలో చూపించుకుంటే డాక్టరు ఒక మెషిన్ గురించి చెప్పాడు. భుజం కింద చర్మం లోపల చిన్న డబ్బా, దాన్నుంచి గుండెకు మూడు తీగలు. గుండె కుడి ఎడమ వైపులు వెనకా ముందుగా కొట్టుకుంటుంటే వాటిని కలిపి కొట్టిస్తుంది. రెండు ఇంజిన్ల ఓడలో పనిచేసిన నాకు అది చప్పున అర్థమైంది. అయితే ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది అందరికీ ఒకేలా పనిచేయదట. ఈసీజీలో ఎడమవైపు బాగా వెనకబడినట్టు కనిపించి, గుండె కండ మాత్రం బతికే ఉన్నవాళ్లకు మేలు ఎక్కువట. నాకు గుండెపోటుతో కొంత కండ చచ్చిపోయి మచ్చ కట్టిందని, తీగ పనిచేయాల్సిన చోటే ఆ మచ్చ ఉందని, నా విషయంలో ఏదీ గట్టిగా చెప్పలేనని అన్నాడు. అయినా నేను పట్టుబట్టి పెట్టించుకున్నాను.

మార్పు రాలేదు. మెషిన్ తప్పేమీ లేదు. డాక్టరు నాకు ముందే చెప్పాడని మాత్రం ఇంట్లో చెప్పలేదు, నా భార్యకు కూడా. తెలిసి తెలిసి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడని అనిపించుకోవడం నాకు నామోషీ అయింది. అడిగినవాళ్లందరితో మెషినే దండగ అన్నాను.

మా పక్కిల్లు పైడమ్మది. ఆమె మొగుడు అప్పన్న వేటకు వెళ్తాడు, ఆమె చేపలు అమ్మేది. చుట్టరికం లేకపోయినా నన్ను అన్నియ్యా అని పిలిచేది, అలా అప్పన్నకు నేను బావనయ్యాను. ఆమెకు గుండెపోటు రాలేదు. కారణమేమిటో తెలియకుండానే గుండె నీరసపడింది. నన్ను చూసిన డాక్టరుకే చూపించుకుని వచ్చి, ఒక మధ్యాహ్నం మా వరండాలో కూర్చుంది. మాట మాటకీ ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది.

"అన్నియ్యా, డాక్టర్ సాబ్ నా ఈసీజీ సూసినాడు. ఎడం పక్క లేటుగా కొట్టుకుంతంది, కండ మట్టుకు బాగుంది, నీలాటోళ్లకి మెషిన్ బాగా పన్జేస్తాది అన్నాడు. నాకేటో డర్ లగ్తా, బయమేస్తంది. నువ్వు పెట్టించుకున్నావు గదా. సచ్ బోలో, నిజం సెప్పు, పన్జేస్తాదేటి?"

ఆమె చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది, అదే నా దౌర్భాగ్యం. నాకు లేనివన్నీ ఆమెకు ఉన్నాయి. నాకు చెప్పలేనన్న మాట డాక్టరు ఆమెకు చెప్పగలిగాడు.

"నన్ను సూడు పైడమ్మా. నాకు పన్జేసిందేటి? ఇంజిన్లోడిని సెప్తన్నాను, బేకార్ మెషిన్. ఒళ్లు కోయించుకోడం తప్ప ఏటీ నేదు."

"నువ్వే అన్నాక ఇంకేటుంది," అంది. భయం తీరినట్టు నవ్వింది కూడా.

మెషిన్ పెట్టించుకోడానికి వెళ్దామని అప్పన్న బతిమాలాడు. అన్నియ్య సెప్పీసినాడు గదా అని ఆమె కొట్టిపారేసేదట. రోజూ ఆమెను చూస్తూనే ఉండేవాణ్ణి. ఈవేళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. చెబితే, డాక్టరు నాకు ముందే చెప్పిన సంగతి కూడా బయటపెట్టాలి. దానికే నోరు పెగల్లేదు. ఒక మనిషి ప్రాణం ముందు అదెంత? అప్పుడు ఈ ప్రశ్న ఎందుకు వేసుకోలేదు? ఆ వానాకాలం ముగియకముందే పైడమ్మ పోయింది.

మెషిన్ పెట్టించుకున్నా బతికేదని ఎవరు చెప్పగలరు, డాక్టరుది కూడా అంచనాయే కదా, అని నాతో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో లెక్కలేదు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఆ అంచనా ఆమె గుండె గురించి చెప్పింది. నమ్మాలో వద్దో ఆమె తేల్చుకోవాలి. నేను నా గుండెను చూపించి ఆమె గుండె గురించి తీర్పు చెప్పాను.

ఇప్పుడు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేది అప్పన్నే. ఆటో ఎక్కేటప్పుడు నా చంక కింద చెయ్యి వేసి పట్టుకుంటాడు. మొన్న దారిలో అన్నాడు, "నీ మాట ఇన్నాది కాబట్టి ఎక్కడో మెయిన్‌ల్యాండ్ ఆస్పత్రిలో పోనేదు బావా. నా ఇంట్లో, నా సేతుల్లో పోయింది. నీ రుణం తీర్సుకోలేను."

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. అతనికి ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు. మీకు మాత్రం, ఇంతసేపూ నామోషీ అని తిప్పి తిప్పి చెప్పినదాన్ని తిన్నగా చెప్పేస్తాను. పైడమ్మ బాగుపడుతుందని ఆ మధ్యాహ్నం నేను నమ్మాను. నమ్మాను కాబట్టే వద్దన్నాను. నేను ఇక్కడ ఆయాసపడుతూ కూర్చుని ఉంటే, ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని నా కళ్ల ముందు నుంచి చకచకా నడిచిపోవడం నేను ఓర్వలేననుకున్నాను.

ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.